రెండు వేళ్ళ వాలు

యజ్ద్ దాటాక ఉప్పు పేరిన ఎడారిలో
వరసగా మట్టి దిబ్బలు,
ఒక్కో దిబ్బ నడుమ ఒక్కో నోరు.
ఆ నోళ్ళ కింద, నలభై నిలువుల లోతున,
తల్లిబావి నించి ఊరిదాకా
చీకట్లోనే నడిచొచ్చే కాలువ ఒకటుంది.
కనాత్ అంటారు ఇక్కడ.
దాని పూడిక తీసేవాడు ఖొదామొరాద్.
అతని దగ్గరికి నేను పనికోసం రాలేదు.

నా పేరు ఫరామర్జ్. ముప్పై నాలుగేళ్ళు.
బ్యాంకులో ఇతరుల సంతకాలు సరిచూసే ఉద్యోగం.
ఒకరోజు నా సంతకమే నాకు పోల్చుకోరాలేదు.
అప్పట్నించీ తిరిగాను.
షిరాజ్‌లో ఒక పెద్దాయన మోకాళ్ళ దగ్గర రెండు చలికాలాలు,
కొండ కొమ్మున ఆరని అగ్ని ముందు తొమ్మిది రాత్రులు.
ప్రతిచోటికీ ఒకే ప్రశ్న పట్టుకెళ్ళాను, చిల్లుకానీలా.
ఎవరూ తీసుకోలేదు,
చెల్లదనీ చెప్పలేదు.

"నేనెందుకున్నాను?"
ఖొదామొరాద్ విన్నాడు.
చెవిలో మట్టి దులుపుకుని
"గిరక తిప్పగలవా?" అన్నాడు.

తిప్పాను.
తోలుబొక్కెన కిందికి ఖాళీగా, పైకి బురదతో.
అరచేతులు బొబ్బలెక్కాయి, చితికాయి,
కాయలు కాశాయి.
ప్రశ్న మాత్రం పండలేదు.

నలభయ్యో రోజో యాభయ్యో రోజో
(లెక్క తప్పింది. బ్యాంకువాణ్ణి, అదే మొదటిసారి)
తెల్లబట్టలు చేతికిచ్చాడు.
"చీకట్లో కనపడతావు.
పైకి రాకపోతే, మళ్ళీ మార్చే పనుండదు."
నవ్వాడో లేదో మీసం చెప్పలేదు.

లోపల భూమి సరిగ్గా నా భుజాల కొలత.
పాకుతూ పోయాను.
వెనక రెండు దీపాలు పెట్టించాడు,
ఒకదాని వెనక ఒకటి.
"తిరిగి చూసుకుంటూ తవ్వు.
రెండూ ఒక్కటిగా కనిపిస్తే సూటిగా ఉన్నట్టు.
రెండుగా కనిపిస్తే ఒరిగినట్టు.
ఒరిగేది నువ్వే. దీపాలు కాదు."

"వాలెంత ఉండాలి?"
"వంద అడుగులకి రెండు వేళ్ళు.
ఎక్కువైతే నీళ్ళు ఉరికి గోడ కోస్తాయి.
తక్కువైతే నిలిచి కుళ్ళుతాయి."
అంతకుమించి అతను నాకేమీ బోధించలేదు.

మధ్యాహ్నానికి దీపాలు ఆరాయి,
ముందు దూరంది, తర్వాత దగ్గరిది.
గాలి పలచబడింది.
అరిచాను. అరుపు ఎక్కడికీ పోలేదు,
నా పక్కనే కూర్చుంది.
కాసేపటికి అరవడానికీ విసుగేసింది.

అప్పుడు వినిపించింది,
మోకాలి కింద సన్నగా,
నాకంటే ఎప్పట్నించో ముందుగా,
ఎవర్నీ అడక్కుండా పోతున్న నీళ్ళు.
చెయ్యి పెట్టాను.
ఎటు పోవాలనుకుంటున్నాయో చేతికి తెలిసింది.
అడ్డం రాయి కాదు, పూడిక కాదు,
నా మోకాలు.

కొంచెం జరిగాను.

తాడు కదిలింది. పైకి లాగారు.
ఎండ మొహమ్మీద చెంపదెబ్బలా పడింది.

సాయంత్రం, కాలువ వెలుతుర్లోకొచ్చే చోట
గొహర్‌తాజ్ ఉన్ని కడుగుతోంది.
డెబ్బై దాటిన మనిషి, చేతులు మోచేతులదాకా నీలం రంగు.
నీళ్ళు ఒక్కసారిగా ఎర్రబారాయి.
లేచి, నడుముమీద చెయ్యేసి, కేకేసింది:
"ఎవడ్రా నీళ్ళు కలిపింది? ఎవడు వాడు?"

షిరాజ్ పెద్దాయనా అడిగింది అదే,
కళ్ళు మూసుకుని, మెల్లగా, పన్నీటి వాసన మధ్య.
అప్పుడు జవాబు లేక ఏడ్చాను.

"నేనేనమ్మా" అన్నాను.
అన్నాక ఆ మాట
ఎవరో అప్పుడే నాకిచ్చినట్టుంది.

"అయితే నిలబడతావేం?
తేటపడేదాకా దానిమ్మలకి మడవ తిప్పు"
అంది, ఉన్ని పిండుకుంటూ.

తిప్పాను.
బురద వద్దని దానిమ్మలు అనలేదు.

రేపు తల్లిబావి వైపు ఇంకో పదడుగులు.
గోళ్ళలో మట్టి సబ్బుకి లొంగడం మానేసింది.
నీ ప్రశ్న ఏమైందని ఖొదామొరాద్ అడగలేదు,
నేనూ వెతుక్కోలేదు.
ఏ బొక్కెనలోనో పైకి పోయుంటుంది,
దిబ్బమీద
మిగతా బురదతోపాటు ఆరుతూ ఉంటుంది.